ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?

(మంగళగిరిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ చరిత్ర అనగానే అదేదో తీరుబడి ఉన్నవాళ్ళ సరదా అని చాలామంది అనుకుంటారు. రిటైరైన పెద్దాయన ఒకరు చార్టు మీద చెట్టు బొమ్మ గీసి, కొమ్మకొక మగవాడి పేరు రాసి, ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ చెట్టు మీద ఆడవాళ్ళుండరు. ఏడు తరాల మగవాళ్ళు ఒకరిలోంచి ఒకరు మొలుచుకొచ్చినట్టు ఉంటుంది!

నేను మాట్లాడబోయేది ఆ సరదా గురించి కాదు. మన దగ్గరికి వచ్చే స్త్రీల సమస్యల్లో మనోవర్తి, ఆస్తి వాటా, వితంతు పింఛను, పిల్లల సర్టిఫికెట్లు, ఏది తీసుకున్నా ఒకచోట వచ్చి ఆగుతుంది. ఈమె ఎవరి కూతురు? ఎవరి భార్య? ఎప్పటినుంచి? ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. అప్పుడు మనం పాతవాళ్ళని అడుగుతాం, కాగితాలు వెతుకుతాం, నోటుబుక్కులో రాసుకుంటాం. ఆ రాసుకోవడం ఎలా అన్నదే ఇవాళ్టి విషయం. ఏ సంగతి ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కనే రాసి పెట్టుకోవడం. చిన్న పనిలా కనిపిస్తుంది. ఈ చిన్న పని మీద ఒక స్త్రీ జీవితమే ఆధారపడ్డ సందర్భం ఒకటి నాకు తెలుసు. ఆమె పేరు చెప్పను, ఊరూ చెప్పను. మంగళగిరి చుట్టుపక్కలే అనుకోండి.

నేతపని కుటుంబం. కొంచెం పొలం కూడా ఉంది. తండ్రికి మొదటి భార్య కానుపులో చనిపోయింది. బిడ్డ బతికింది, ఆడపిల్ల. అమ్మమ్మ తీసుకెళ్ళి పెంచింది. తండ్రి ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు కొడుకులు పుట్టారు. రేషను కార్డులో రెండో భార్య, కొడుకులు. సొసైటీ పాసుబుక్కులో నామినీగా పెద్ద కొడుకు. ఆయన పోయాక తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మళ్ళీ ఆ ముగ్గురే. చనిపోయిన మొదటి భార్య పేరు ఒక్క కాగితంలోనూ లేదు. ఆవిడే లేకపోతే ఆవిడ కూతురు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

2015లో రాజధాని కోసం భూసమీకరణ మొదలైంది. ఈ మంగళగిరి మండలంలో నిడమర్రు, నవులూరు, ఎర్రబాలెం, కురగల్లు, కృష్ణాయపాలెం అన్నీ అందులోకి వచ్చాయి. మొత్తం మీద 33 వేల ఎకరాలకు పైగా భూమి. లోపలి గ్రామాలే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా సెంటు భూమికి ఎన్నడూ లేని ధర వచ్చింది. భూమికి ధర వచ్చినప్పుడు వంశవృక్షాలు పుట్టుకొస్తాయి. ఇది నా అనుభవం. అంతవరకు తాత పేరు సరిగ్గా చెప్పలేని వాళ్ళు కూడా వారం తిరిగేసరికి నాలుగు తరాల చెట్టు టైపు చేయించి, జిరాక్సులు తీయించి తిరుగుతుంటారు. ఆ చెట్టు ఎవరు చెబితే రాశారు అని అడగండి, సమాధానం ఉండదు.

ఈమె విషయంలోనూ అలాంటి చెట్టే ఒకటి వచ్చింది. అందులో ఆమె లేదు. తమ్ముళ్ళు ఆమెను ‘మా నాన్న దూరపు బంధువు కూతురు, చిన్నప్పుడు జాలిపడి చూసేవాడు’ అన్నారు.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా తండ్రి పోతే కూతురు కూడా మొదటి తరగతి వారసురాలే. పిత్రార్జితంలోనూ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు అని మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను పక్కన పెట్టింది. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి ఆ సవరణ నాటికి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టులో తేల్చింది. నోటిమాటగా ఎప్పుడో పంచేసుకున్నాం అంటే కూడా అంత తేలిగ్గా ఒప్పుకోకూడదనీ, ప్రభుత్వ రికార్డుల బలం ఉంటే తప్ప చెల్లదనీ చెప్పింది. ఇవన్నీ మీకు తెలిసినవే. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, ముందు ఆమె కూతురని రుజువు కావాలి కదా! కూతురే కాదంటే ఈ చట్టాలన్నీ గాలికి పోతాయి.

రుజువు దొరికింది. మూడు చోట్ల దొరికింది.

ఒకటి, అమ్మమ్మ ఇంట్లో అటక మీద ఇత్తడి గుండిగ. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది. అంచు కింద తల్లి పేరు, ఆమె భర్త పేరు, తేదీ చెక్కి ఉన్నాయి. మన ప్రాంతంలో పెళ్ళి సామానుకు పేర్లు వేయించని ఇల్లు ఉందా? రెండు, అమ్మమ్మ ఊరి బడిలో చేర్చినప్పటి అడ్మిషన్ రిజిస్టరు. తండ్రి పేరు, ఊరు అందులో ఉన్నాయి. మూడోది అన్నిటికంటే గట్టిది. ఈ తగాదాకి దాదాపు పదేళ్ళ ముందు మన కార్యకర్త ఒకామె నేతపని చేసే స్త్రీల జీవితాల గురించి వివరాలు సేకరిస్తూ ఈ పిల్ల మేనత్తతో మాట్లాడింది. పేక కండెలు చుట్టే కూలి ఎంత, మగ్గం ఎవరిది, ఇంట్లో ఎందరు అని అడుగుతుంటే ఆ ముసలామె మాటల్లో మాటగా మా అన్న మొదటి పెళ్ళాం ఇట్లా చచ్చిపోయింది, పిల్ల ఫలానా ఊళ్ళో పెరిగింది, పేరు ఇది అని చెప్పింది. కార్యకర్త రాసుకుంది. తేదీ వేసింది. ఎవరు చెప్పారు, వయసు ఎంత, ఎక్కడ కూర్చుని చెప్పారు, పక్కన ఎవరున్నారు, అన్నీ రాసింది. మేనత్త తర్వాత చనిపోయింది.

చనిపోయినవాళ్ళు బంధుత్వం గురించి చెప్పిన మాటకు కోర్టులో విలువ ఉంటుందా? ఉంటుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ అయిదో క్లాజు, ఆరో క్లాజు ఒకసారి చదవండి. ఆ బంధుత్వం గురించి తెలిసే అవకాశం ఉన్న మనిషి, ఇప్పుడు బతికి లేని మనిషి, తగాదా పుట్టకముందు చెప్పి ఉంటే ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఆరో క్లాజు ఇంకా బాగుంటుంది. వీలునామాలో గానీ దస్తావేజులో గానీ వంశవృక్షంలో గానీ, సమాధి రాయి మీద గానీ, కుటుంబ చిత్రం మీద గానీ, అలాంటివి మామూలుగా రాసే మరే వస్తువు మీద గానీ చనిపోయినవారు రాసిన మాటను కూడా తీసుకోవచ్చునంటుంది. మరే వస్తువు అంటే మన ఇత్తడి గుండిగ ఎందుకు కాకూడదు? దొరలు సమాధులూ తైలవర్ణ చిత్రాలూ మనసులో పెట్టుకుని రాసి ఉంటారు గానీ ఆ మాటలో మన అమ్మల బిందెలకు కూడా చోటు దొరికింది. 2024 జూలై 1 నుంచి ఈ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, సెక్షన్ నెంబర్లు మారాయి, ఈ సూత్రం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు గమనించండి, చట్టం అడుగుతున్న ప్రశ్నలేమిటి? ఎవరు చెప్పారు, ఆమెకెలా తెలుసు, ఎప్పుడు చెప్పింది, అప్పటికి తగాదా ఉందా లేదా. నోటుబుక్కులో ‘మొదటి భార్యకు ఒక కూతురు ఉందట’ అని మాత్రమే రాసుకుని ఉంటే అది ఎందుకూ పనికిరాదు. ఆ ‘అట’ ఉంది చూశారూ, అదే మన శత్రువు. ఎవరన్నారట? పక్కన పేరూ తేదీ ఉన్నందువల్లే మన కార్యకర్త సాక్షిగా నిలబడగలిగింది. నోటుబుక్కులో ముందు పేజీలూ వెనక పేజీలూ కూడా అదే వరసలో తేదీలతో ఉండటం వల్ల ఇది నిన్న రాసింది కాదని అవతలి ప్లీడరు కూడా ఒప్పుకోక తప్పలేదు. విడి కాగితాల మీద రాసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. కుట్టిన నోటుబుక్కు, పేజీ నెంబర్లు, ఖాళీ పేజీలు వదలకుండా.

కేసు తీర్పు దాకా పోలేదు. రాజీ కుదిరింది. ఆమెకు వచ్చింది న్యాయంగా రావలసిన దానికంటే తక్కువే. దాన్ని విజయం అని నేను అనను. కానీ రాజీ కాగితంలో ఫలానా ఆమె కుమార్తె అని తల్లి పేరు రాశారు. ఆవిడ పేరు కాగితమెక్కడం అదే మొదటిసారి.

అసలు మన స్త్రీల పేర్లు ఎప్పుడూ ఇలా మాయమయ్యే ఉన్నాయా? మన జిల్లాలే చూడండి. అమరావతి స్తూపం రాళ్ళ మీద దానమిచ్చిన స్త్రీల పేర్లు చెక్కి ఉన్నాయి, భిక్షుణులు, గృహస్థుల భార్యలు, కూతుళ్ళు. నాగార్జునకొండలో మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుని చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి దానం చేసి తన పేరు వేయించుకుంది. ఆ రాజు పేరు మళ్ళీ చూడండి. వాసిష్ఠీపుత్రుడు. గౌతమీపుత్ర శాతకర్ణి కూడా అంతే, తల్లి పేరుతోనే చరిత్రకెక్కాడు. దీన్నిబట్టి అప్పుడు మాతృస్వామ్యం ఉందని గంతులు వేయనక్కర్లేదు, రాజ్యం మగవాళ్ళదే. కానీ తల్లి పేరు చెప్పుకోవడం చిన్నతనం కాదు.

అక్కడినుంచి 1951-52 దాకా రండి. స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్ల జాబితా రాయడానికి వెళితే లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అన్నారు. అలాంటి పేర్లు ఒప్పుకోమని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలోంచి తొలగిపోయారు. ఉత్తరాది రాష్ట్రాల్లోనే ఎక్కువ. మన దగ్గర అంత లేకపోవచ్చు. అయినా ఇవాళ్టికీ మొగుడి పేరు నోటితో చెప్పకుండా పక్కనున్న పిల్లాణ్ణి చూసి ‘చెప్పరా’ అనే ఆడవాళ్ళు మన ఊళ్ళలో లేరా?

పడమటి దేశాల్లో కుటుంబ చరిత్ర వెతికేవాళ్ళకు జనాభా లెక్కల కాగితాలే పెద్ద ఆధారం. ఇంగ్లండులో నూరేళ్ళు గడిచాక, అమెరికాలో 72 ఏళ్ళు గడిచాక ఇంటింటి వివరాలు అందరికీ తెరుస్తారు. మన 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలు ఎవరికీ చూపరు, సాక్ష్యంగానూ పనికిరావు. మన గోప్యతకు అది మంచిదే, అందులో నాకు పేచీ లేదు. కానీ అందువల్ల మన ఆధారాలు వేరేచోట వెతుక్కోవాలి.

ఎక్కడెక్కడ? కరణాల దగ్గరున్న దస్త్రాలు అన్నది పాత సమాధానం. కర్నల్ మెకంజీ కావలి సోదరుల సాయంతో సేకరించిన గ్రామ కైఫియత్తులు కూడా ఎక్కువగా కరణాలూ పెద్దలూ చెప్పగా రాసుకున్నవే. ఊరి చరిత్రకు అవి గనులు, కానీ కరణం కళ్ళతో చూసిన ఊరు అది. మాల మాదిగ పల్లెల్లో ఎవరెవరు ఉన్నారో, ఏ ఇంటి ఆడవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో ఆయనకెందుకు? 1984లో కరణీకాలు రద్దయినప్పుడు కొన్ని దస్త్రాలు తహసీలు ఆఫీసులకు చేరాయి, కొన్ని ఇళ్ళలోనే ఉండిపోయాయి, కొన్ని చెదలు తిన్నాయి. దొరికితే చూడండి. చూసినప్పుడు రిజిస్టరు పేరు, సంవత్సరం (ఫసలీలో ఉంటే ఫసలీ అనే రాయండి, మీరు మార్చకండి), పేజీ, ఇప్పుడది ఎవరి స్వాధీనంలో ఉంది, ఇవన్నీ రాసుకోండి. ఆఫీసులో దొరికితే ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టండి. ఫోనుతో ఫోటో తీసుకుంటే సరిపోతుందని అనుకుంటున్నారు చాలామంది. రిజిస్టరు అట్ట కూడా కనిపించేలా ఇంకో ఫోటో తీయకపోతే ఆరు నెలల తర్వాత అది ఏ పుస్తకంలో పేజీయో మీకే తెలియదు.

ఆడవాళ్ళ పేర్లు దొరికేచోట్లు వేరే ఉన్నాయి. చదివింపుల పుస్తకం. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో, ఎవరి తరఫున చదివించారో రాసే ఆ పుస్తకంలో బంధుత్వాల పటమంతా ఉంటుంది. ‘పెద్దమేనత్త గారు, ఫలానా ఊరు, 11 రూపాయలు’ అన్న ఒక్క వరస చాలు, ఒక మనిషి ఉందనడానికి. శుభలేఖలు, ఫోటోల వెనక రాతలు, మనియార్డరు రసీదులు. తద్దినాలు పెట్టే ఇళ్ళలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ ముగ్గురి పేర్లూ తర్పణాల్లో చెప్పుకోవాలి కాబట్టి పురోహితుడి దగ్గరైనా ఉంటాయి. ముస్లిం ఇళ్ళలో నిఖానామా, ఖాజీ గారి రిజిస్టరు. అందులో మెహర్ ఎంతో కూడా ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల్లో చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లు. హేయర్ అనే లూథరన్ ఫాదరు గుంటూరు వచ్చింది 1842లో. ఏ ప్రభుత్వ దస్త్రమూ పట్టించుకోని దళిత తల్లుల పేర్లు ఈ జిల్లాలో మిషన్ల రిజిస్టర్లలో మొదటిసారి కనిపించే అవకాశం ఎక్కువ. కొన్ని కులాలకు గోత్రాలు, వంశాలు చెప్పే ఆశ్రిత కులాలవాళ్ళున్నారు, రెడ్లకు, కమ్మవారికి పిచ్చికుంట్లవారు చెప్పేవారు. వాళ్ళు చెప్పేది కొట్టిపారేయకండి, అలాగని కళ్ళకద్దుకోనూ వద్దు. సంభావన ఇచ్చేవాడికి నచ్చేలా చెప్పడం వాళ్ళ బతుకు తెరువు.

తేదీలు తెలియవంటారు మనవాళ్ళు. తెలియకేం, వాళ్ళ తేదీలు వేరు. నీ పెళ్ళి ఎప్పుడయిందమ్మా అంటే చెప్పలేదు. పుష్కరాల ముందా తర్వాతా అనండి. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. రామారావు ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. కరణాలు పోయింది 1984. ప్రకాశం బ్యారేజీ 1957. తిరునాళ్ళకు ముందా, తర్వాతా అంటే నెల కూడా తేలుతుంది, ఫాల్గుణం కదా. కానీ రాసేటప్పుడు ఆమె ఏమన్నదో అదే రాయాలి. ‘కరణాలు పోయిన మరుసటేడు, తిరునాళ్ళయ్యాక’ అని ఆమె మాట ఒక వరసలో, ‘1985 మార్చి తర్వాత కావచ్చు, నా లెక్క’ అని మీ మాట కింద వరసలో. రెండూ కలిపేసి 1985 ఏప్రిల్ అని రాశారంటే అది ఆమె సాక్ష్యమూ కాదు, మీ పరిశోధనా కాదు.

ఇంకొక తిరకాసు. నలుగురు చెప్పారు కాబట్టి నిజం అంటాం. ఆ నలుగురూ ఎక్కడ విన్నారు? ఒక కుటుంబంలో అన్నదమ్ములు, బావ, పెద్దకోడలు అందరూ ఒకే సంవత్సరం చెప్పారు. అడుగుతూ పోతే అందరూ చదివింది పెద్దన్న రాయించిన ఒకే అఫిడవిట్టు. సాక్షులు నలుగురు కాదు, ఒక్కడే! అందుకే ‘ఎలా తెలుసు’ అని తప్పకుండా అడగాలి. చూశావా, విన్నావా, చదివావా. ఇద్దరు వేరువేరుగా, ఒకరికొకరు తెలియకుండా చెప్పింది ఒకటైతే దానికి విలువ. రెండు ఆధారాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటే ఒకదాన్ని కొట్టేయకండి, రెండూ ఉంచండి.

ఇంత రాసుకోవడం వల్ల ప్రమాదం కూడా ఉంది. మనం అడిగేవి ఆడవాళ్ళ రహస్యాలు. మొదటి పెళ్ళి, పోయిన బిడ్డ, కులం దాటిన సంబంధం. ఈ డెల్టాలో కళావంతుల ఇళ్ళలో వంశం తల్లుల పేర్లతోనే నడిచింది, ఆస్తి కూతుళ్ళకే వచ్చింది. 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత ఆ కుటుంబాలు చాలావరకు ఆ జ్ఞాపకాన్ని దాచుకుని బతికాయి. వాళ్ళ అమ్మమ్మ పేరు ఒక కాగితంలో మనకు దొరికిందని మనవరాలి అత్తవారింట్లో ప్రకటిస్తే అది హక్కుల పనా? స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత చెప్పించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు ఎవరి కథ వాళ్ళ పేరుతో ఉంది. పేరు పెట్టడం గౌరవం. కానీ ఆ నిర్ణయం చెప్పిన ఆమెది. అందుకే మన నోటుబుక్కులో ఇంకొక గడి ఉండాలి, ‘ఎవరికి చూపవచ్చు’ అని. ఆమె చెప్పినట్టు రాసి, ఆమెకు చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. వద్దంటే వద్దు.

మరొకటి, సర్టిఫికెట్లు దయచేసి లామినేషన్ చేయించకండి. మీరు భద్రం అనుకుంటున్నారు. ఆ ప్లాస్టిక్కు తీస్తే సిరా ఊడొస్తుంది, వెనకవైపు ఆఫీసువాళ్ళు రాయవలసినది రాయలేరు. మామూలు ప్లాస్టిక్కు కవరు చాలు. ఒరిజినల్ ఎవరి దగ్గరుందో కూడా రాసుకోండి. చాలా ఇళ్ళలో అది మొగుడి బీరువాలో ఉంటుంది, తాళం ఆయన దగ్గరుంటుంది. తగాదా వచ్చేదాకా ఆగకుండా నకలు పుట్టింట్లో ఒకటి, మన దగ్గర ఒకటి ఉంచాలి.

మధ్యాహ్నం మీరందరూ రెండిద్దరుగా కూర్చుని ఒకరినొకరు ఒకటే అడగండి. మీ అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటి, అది మీకెవరు చెప్పారు. తెలియనివాళ్ళు ఇంటికి ఫోను చేసి అడగొచ్చు. జవాబు చెప్పినవాళ్ళ పేరు, ఈ రోజు తేదీ వేసి మొదటి పేజీలో రాయండి. నాలుగు గంటలకు నోటుబుక్కులు చూస్తాను.